ఎడమ మలుపుకు ఏ సిగ్నల్ మేలు? అమెరికా కూడళ్లలో కనిపించే ఐదు పద్ధతుల పోలిక

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కారు నేర్చుకుని అమెరికా వచ్చినవారికి స్టీరింగు ఎడమవైపు ఉండటం కొద్ది రోజుల్లోనే అలవాటవుతుంది. రోడ్డుకు కుడిపక్కన నడపడమూ అంతే. ఏళ్లు గడిచినా తడబాటు మిగిల్చేది ఎడమ మలుపు. ఎదురుగా వస్తున్న వాహనాలకు అడ్డంగా దాటి వెళ్లాల్సిన మలుపు ఇక్కడ అదే. మన దగ్గర ఆ కష్టం కుడి మలుపుది. ఎడమకు తిరగడమంటే ‘ఫ్రీ లెఫ్ట్’, చాలాచోట్ల సిగ్నల్ వంక చూడకుండానే సాగిపోతారు.

అంతకంటే లోతైన తేడా మరొకటి ఉంది. మన నగరాల్లో చాలా కూడళ్లలో ఒక్కో దారికి విడివిడిగా పచ్చ దీపం ఇస్తారు. మనకు పచ్చ వెలిగిందంటే మిగిలిన మూడు దారులూ ఆగి ఉన్నట్టే. నేరుగా వెళ్లేవారూ, కుడికి తిరిగేవారూ కలిసే కదులుతారు. అలా ఏళ్ల తరబడి నడిపిన మనిషికి పచ్చ కనిపిస్తే దారి తనదేనన్న నమ్మకం పాతుకుపోతుంది. అమెరికాలో గుండ్రటి పచ్చ దీపం ఎడమకు తిరిగేవారికి ఆ హామీ ఇవ్వదు. సరిగ్గా అదే సమయంలో ఎదురువైపు వారికీ పచ్చే వెలుగుతూ ఉండవచ్చు. తిరగవచ్చు, కానీ వాళ్లు వెళ్లాక, జీబ్రా గీతలపై నడిచేవారు దాటాక.

ఈ పొరపాటు కొత్తగా వచ్చినవారికే పరిమితం కాదు. ఇక్కడే పుట్టి పెరిగినవారూ ఆ దీపాన్ని తప్పుగా చదువుతారు. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2010లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం కూడళ్లలో జరిగిన ప్రమాదాల్లో సుమారు 22 శాతం ఎడమకు తిరుగుతుండగా మొదలైనవి. కుడి మలుపు వాటా ఒక శాతం చిల్లర.

ఈ పోలిక ఇద్దరిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇంటికి రెండు మూడు దారులుండి, ఏ కూడలిలో తిరగడం మంచిదో తేల్చుకోలేని డ్రైవరు ఒకరు. ‘మా స్కూలు దగ్గర సిగ్నల్ మార్చండి’ అని నగర ట్రాఫిక్ విభాగాన్ని అడగాలనుకుంటూ, దేన్ని అడగాలో తెలియని స్థానికులు మరొకరు. నా లెక్కలో ముందుగా చూడాల్సింది ఒక్కటే: ఆ దీపం వైపు చూసిన మనిషికి ఎవరు ముందు వెళ్లాలో ఒక్క చూపులో తెలుస్తుందా? ఎన్ని కార్లు దాటాయన్నది ఆ తర్వాతి ప్రశ్న.

ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

ఎదురు వాహనాల వేగం, ఎదురు లేన్ల సంఖ్య అన్నిటికంటే ముఖ్యం. ఎదురు ప్రవాహంలో సుమారు నాలుగున్నర సెకన్ల ఖాళీ దొరికితే సాధారణ డ్రైవరు తిరుగుతాడని ఇంజినీర్లు లెక్క వేస్తారు. గంటకు 45 మైళ్ల వేగంతో వచ్చే కారు ఆ నాలుగున్నర సెకన్లలో 90 మీటర్లు దాటేస్తుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు రెండు చుక్కల్లా కనిపిస్తున్నప్పుడు ఆ 90 మీటర్లను కంటితో కొలవడం ఎవరికైనా కష్టమే. ఎదురుగా ఒక్క లేనే ఉంటే ఆ అంచనా ఒక్క కారు గురించి. మూడు లేన్లుంటే దగ్గరి లేన్‌లోని పెద్ద వ్యాన్ వెనుక ఏం వస్తోందో కనబడనే కనబడదు.

తర్వాతిది చూపు. ఎదురువైపు ఎడమకు తిరగడానికి ఆగి ఉన్న కార్ల వరుస మన ముందు గోడలా నిలుస్తుంది. రెండు ఎడమ లేన్లనూ సరిగ్గా ఎదురెదురుగా గీయకుండా కాస్త పక్కకు జరిపితే ఆ గోడ తొలగిపోతుంది. అలా జరపని పాత కూడళ్లే ఎక్కువ.

పాదచారుల సంగతి తరచూ మరుగున పడుతుంది. ఎడమకు తిరిగే డ్రైవరు కళ్లు ఎదురు కార్లలోని ఖాళీ కోసం వెతుకుతుంటాయి. ఖాళీ దొరకగానే కాలు యాక్సిలరేటర్ మీద పడుతుంది. సరిగ్గా అప్పుడే, అతను చూడని ఎడమ పక్క రోడ్డును ఎవరో నడిచి దాటుతుంటారు. న్యూయార్క్ నగరం 2016లో చేసిన అధ్యయనంలో పాదచారులు, సైకిలువారి మరణాలు కుడి మలుపుల కంటే ఎడమ మలుపుల్లో రెట్టింపుకు పైగా ఉన్నాయని తేలింది. అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి సాయంత్రాలు నడకకు వెళ్లే ఇళ్లలో ఈ ఒక్క సంగతి మిగిలినవాటి కంటే బరువైనది.

ఆఖరుది నిరీక్షణ. అది నిజమైన ఇబ్బందే, కాదనను. కానీ పై వాటి తర్వాతే.

1. ఉత్త పచ్చ దీపం

బాణాలేవీ ఉండవు. ఎరుపు, పసుపు, పచ్చ మూడే దీపాలు. నేరుగా వెళ్లేవారికీ, తిరిగేవారికీ అవే. గంటకు 25, 30 మైళ్ల వేగంతో నడిచే వీధుల్లో, ఎదురుగా ఒక్క లేన్ ఉన్నచోట ఇది చక్కగా పనిచేస్తుంది. ఎవరూ రాకపోతే ఆగనవసరం లేదు, కూడలి చురుగ్గా కదులుతుంది.

రద్దీ పెరిగితే బలహీనత బయటపడుతుంది. పచ్చ ఉన్నంతసేపూ ఎదురు కార్లు వస్తూనే ఉంటాయి. మధ్యలోకి జరిగి నిలబడ్డ ఒకటి రెండు కార్లు మాత్రం పసుపు పడ్డాక, ఎదురువారు ఆగాక తిరిగిపోతాయి. మిగతావి మళ్లీ ఎదురుచూడాల్సిందే. ఇలా మధ్యలో ఆగేటప్పుడు చక్రాలను నేరుగా ఉంచడం మరవకండి. ముందే ఎడమకు తిప్పి ఉంచితే, వెనుక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు కారు తిన్నగా ఎదురు వాహనాల్లోకి పోతుంది.

2. ఐదు దీపాల పెట్టె

పైన ఒక ఎరుపు, దాని కింద రెండు వరుసలు: ఎడమ వరుసలో పసుపు, పచ్చ బాణాలు, కుడి వరుసలో గుండ్రటి పసుపు, పచ్చ దీపాలు. ఇంజినీర్లు దీన్ని డాగ్‌హౌస్ అంటారు. తరచుగా మొదట పచ్చ బాణం వెలుగుతుంది, అప్పుడు ఎదురువారు ఆగి ఉంటారు. బాణం ఆరాక గుండ్రటి పచ్చ మిగులుతుంది, అప్పుడు ఎదురువారికి దారి ఇవ్వాలి.

చిక్కు ఇక్కడే. ఒకే పెట్టెలో రెండు పచ్చలు, రెండింటికీ వేర్వేరు అర్థాలు. బాణం ఉన్నప్పుడు దారి మనది, అది ఆరి గుండ్రటి పచ్చ మాత్రమే మిగిలితే కాదు. అందుకే చాలాచోట్ల పక్కనే ‘ఎడమకు తిరిగేవారు పచ్చలో దారి ఇవ్వాలి’ అనే బోర్డు తగిలిస్తారు. దీపం తనంత తానుగా అర్థమయ్యేదైతే ఆ బోర్డు అవసరమే ఉండేది కాదు.

దీనికంటే ప్రమాదకరమైనది పసుపు ఉచ్చు. పచ్చ బాణాన్ని కొన్నిచోట్ల మొదట కాక చివర ఇస్తారు. మీరు కూడలి మధ్యలో ఎడమకు తిరగడానికి ఆగి ఉన్నారనుకోండి. ఎదురు కార్లు వస్తున్నాయి. మీ పచ్చ పోయి పసుపు పడుతుంది. ఎదురువారికీ పసుపే పడి ఉంటుందని, ఇక ఆగిపోతారని మీరు సహజంగా అనుకుంటారు. మధ్యలో చిక్కుకోకూడదని తొందరగా తిప్పుతారు. కానీ ఎదురువారికి ఇంకా పచ్చే ఉంది, పైగా వారి ఎడమ బాణం అప్పుడే మొదలవబోతోంది. వచ్చే కారు వేగం తగ్గించదు, తగ్గించాల్సిన కారణం దానికి లేదు. ఇద్దరూ తమ తమ దీపాన్ని గౌరవించారు, అయినా ఢీకొన్నారు. ఇలాంటి ప్రమాదంలో డ్రైవరును తప్పుపట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. సిగ్నల్ రూపకల్పనే అతన్ని అక్కడికి నడిపించింది.

దీనికి విరుగుడు టెక్సస్‌లోని డాలస్ ప్రాంతంలో పుట్టింది. ఎడమ లేన్‌వారికి ప్రత్యేక పెట్టె పెట్టి, పక్క లేన్‌లకు కనబడకుండా రేకులు అమర్చి, అందులోని గుండ్రటి పచ్చను ఎదురు దారి పచ్చతో ముడిపెట్టారు. ఎదురువారికి పచ్చ ఉన్నంతసేపూ మీకూ ‘దారి ఇచ్చి తిరుగు’ అనే దీపమే ఉంటుంది, మోసపుచ్చే పసుపు పడదు. మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్న ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ఈ ప్రాంతంలోవే. ఉచ్చు తొలగినా గుండ్రటి పచ్చ తెచ్చే అపార్థం మాత్రం అలాగే ఉండిపోయింది.

3. మినుకుతున్న పసుపు బాణం

గుండ్రటి పచ్చకు బదులు మరేదైనా పెట్టాలని రాష్ట్రాలు ఎవరికి తోచింది వారు ప్రయత్నించాయి. మిషిగన్‌లో మినుకుతున్న ఎర్ర దీపం, డెలావేర్‌లో మినుకుతున్న ఎర్ర బాణం, సియాటిల్‌లో మినుకుతున్న పసుపు దీపం. ఒక రాష్ట్రంలో నేర్చుకున్నది పక్క రాష్ట్రంలో పనికిరాని పరిస్థితి. చివరకు డ్రైవర్లకు బొమ్మలు చూపించీ, సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టీ ఏ దీపాన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారో పరీక్షించిన ఒక జాతీయ పరిశోధన 2003లో మినుకుతున్న పసుపు బాణాన్ని సిఫార్సు చేసింది. 2006లో కేంద్ర రహదారి శాఖ తాత్కాలిక అనుమతి ఇచ్చింది. 2009 నాటి సిగ్నళ్ల ప్రమాణ గ్రంథంలో అది చోటు సంపాదించింది. ఎడమ లేన్‌కు ప్రత్యేకంగా పెట్టే పెట్టెలో గుండ్రటి పచ్చ వాడకూడదని కూడా అదే గ్రంథం తేల్చింది.

సాధారణంగా నాలుగు బాణాలు నిలువుగా ఉంటాయి: ఎరుపు, స్థిర పసుపు, మినుకుతున్న పసుపు, పచ్చ. పచ్చ బాణమైతే దారి మీది. పసుపు మినుకుతుంటే చూసుకుని, దారి ఇచ్చి తిరగాలి. స్థిర పసుపు పడితే సమయం అయిపోతోంది. ఒక్కో అర్థానికి ఒక్కో దీపం. మినుకడం ఎదురు దారి పచ్చతో ముడిపడి ఉంటుంది కాబట్టి పసుపు ఉచ్చు ఉండదు.

నాకు దీనిలో బాగా నచ్చేది వేళను బట్టి మారగలగడం. మధ్యాహ్నం స్కూలు వదిలే వేళ మినుకడం ఆపేసి పచ్చ బాణమే ఇవ్వవచ్చు, రాత్రి పది తర్వాత మళ్లీ మినుకనివ్వవచ్చు. పాదచారి మీట నొక్కినప్పుడు ఎర్ర బాణం నిలిపి ఉంచవచ్చు. వేళను బట్టి చేసే ఈ మార్పులకు కొత్త స్తంభం అక్కరలేదు, నియంత్రణ పెట్టెలో అమరిక మారిస్తే చాలు.

అయితే ఒక హెచ్చరిక. 2011 నాటి జాతీయ అధ్యయనంలో, ఐదు దీపాల పెట్టె వంటి కలగలుపు పద్ధతి నుంచి దీనికి మారినచోట ఎడమ మలుపు ప్రమాదాలు సుమారు ఐదో వంతు తగ్గాయి. పచ్చ బాణం ఉంటేనే తిరగాలన్న పద్ధతి నుంచి దీనికి మారినచోట రెట్టింపుకు పైగా పెరిగాయి. కాబట్టి ఇది మెరుగైన సిగ్నలా అన్న ప్రశ్నకు, దేని స్థానంలో వస్తోందో చూడకుండా జవాబు చెప్పలేం.

మనవాళ్లకు మరో మాట. మన ఊళ్లలో రాత్రి పొద్దుపోయాక సిగ్నళ్లు పసుపు మినుకుతుంటాయి. కాస్త నెమ్మదించి వెళ్లిపోవడం మనకు అలవాటు. ఇక్కడ మినుకుతున్న పసుపు బాణం ముందు ఆ అలవాటు పనికిరాదు. ఎదురువారికి నిండు పచ్చ ఉందని, వాళ్లు మీకోసం నెమ్మదించరని గుర్తుంచుకోవాలి.

4. పచ్చ బాణం ఉంటేనే మలుపు

ఎర్ర బాణం, పసుపు బాణం, పచ్చ బాణం. అంతే. ఖాళీలు వెతకనక్కరలేదు, వేగం అంచనా వేయనక్కరలేదు. పసిపిల్లలను వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లే కొత్త డ్రైవరుకు ఇంతకంటే ప్రశాంతమైన మలుపు లేదు.

అమెరికా ఇంజినీర్లు వాడే భద్రతా లెక్కల్లో నగర రోడ్ల విషయంలో ఉత్త పచ్చతో పోలిస్తే, ఒక దారికి ఈ పద్ధతి పెడితే కూడలి మొత్తం ప్రమాదాలు సుమారు 6 శాతం తగ్గుతాయి. బాణం, గుండ్రటి పచ్చ కలిసిన పద్ధతికి దక్కేది ఒక్క శాతమే. ఎడమ మలుపు ప్రమాదాలను మాత్రమే విడదీసి చూస్తే దాదాపు కనుమరుగవుతాయి. మొత్తంలో 6 శాతమే కావడానికి కారణం కూడళ్లలో వేరే రకాల ప్రమాదాలూ ఉండటం, దశలు, అంటే సిగ్నల్ ఒక్కో దిశకు విడిగా ఇచ్చే వంతులు, పెరిగి కార్లు ఎక్కువగా ఆగడం వల్ల వెనుక నుంచి గుద్దుకునేవి కొన్ని పెరగడం.

మూల్యం కాలం రూపంలో చెల్లిస్తాం. ప్రతి కొత్త దశకూ ఆగడం, కదలడం, అన్ని వైపులా ఎరుపు కలిపి నాలుగు సెకన్ల వరకు వృథా అవుతాయి. ఎడమ లేన్ పొట్టిదైతే వరుస పెరిగి నేరుగా వెళ్లేవారికి అడ్డం పడుతుంది. అర్ధరాత్రి ఎవరూ లేని రోడ్డు మీద ఎర్ర బాణం ముందు కూర్చోవడం కొందరికి విసుగు పుట్టించి దాటించేస్తుంది. కారు వచ్చి ఆగిందని గుర్తించే సెన్సర్లు సరిగా పనిచేస్తే ఇందులో సగం బాధ తగ్గుతుంది.

ఎదురుగా మూడు లేన్లున్నా, వేగం 45 మైళ్లు దాటినా, ఎడమకు తిరిగే లేన్లు రెండున్నా, వంపు వల్ల ఎదురు రోడ్డు కనబడకపోయినా బేరాలకు తావు లేదు. ఇదే కావాలి.

5. మలుపునే తీసేయడం

సాధారణ నాలుగు దారుల కూడలిలో వాహనాల దారులు ఒకదాన్నొకటి తాకే చోట్లు 32. ఎదురు వాహనాలకు అడ్డంగా దాటకుండా మధ్య దిమ్మె చుట్టూ తిరిగి వెళ్లే ఒక లేన్ రౌండబౌట్‌లో 8. సిగ్నల్ కూడలిని రౌండబౌట్‌గా మార్చినచోట ప్రాణాంతక, గాయాల ప్రమాదాలు 78 శాతం వరకు తగ్గుతాయని కేంద్ర రహదారి శాఖ లెక్క. ఇండియానాలోని కార్మెల్ పట్టణం సిగ్నళ్లను తీసేస్తూ నూటికి పైగా రౌండబౌట్లు కట్టుకుంది.

మిషిగన్‌లో 1960ల నుంచీ ఉన్న మార్గం వేరు. కూడలిలో ఎడమకు తిరగనివ్వరు. నేరుగా దాటి, కొంత దూరం వెళ్లి, మధ్య డివైడర్‌లోని యూ-టర్న్ తీసుకుని వెనక్కి వచ్చి కుడికి తిరగాలి. హైదరాబాద్‌లో ఇటీవలి ఏళ్లలో కూడళ్లు మూసి యూ-టర్న్‌లు పెట్టిన పద్ధతి చూసినవారికి ఇది కొత్త కాదు. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండేవారికి జగ్‌హ్యాండిల్ తెలుసు: ఎడమకు వెళ్లాలంటే ముందు కుడి పక్క దారిలోకి దిగాలి. దారి తెలియని కొత్తవారు మొదటిసారి దాటిపోవడం ఖాయం, తెలిశాక భయం ఉండదు.

స్థలం, డబ్బు, ఏళ్ల కాలం కావాలి కనుక ఇది నగరం స్థాయి నిర్ణయం. డ్రైవరు స్థాయిలో దీనికి దగ్గరిది మూడు కుడి మలుపులతో బ్లాకు చుట్టి రావడం. పార్సిల్ సంస్థ యూపీఎస్ ఎడమ మలుపులు వీలైనంత తగ్గేలా తన బండ్ల దారులు వేస్తుంది.

ఒక్కచోట చూసుకోవడానికి

| పద్ధతి | ఒక్క చూపులో అర్థమవుతుందా | ఎదురు వేగం, లేన్లు | పాదచారులకు | నిరీక్షణ |
|---|---|---|---|---|
| ఉత్త పచ్చ | అపార్థానికి చోటుంది | తక్కువ వేగం, ఒక లేన్ | డ్రైవరు జాగ్రత్తను బట్టి | రద్దీ లేకపోతే తక్కువ |
| ఐదు దీపాల పెట్టె | రెండు పచ్చలతో గందరగోళం | మధ్యస్థం | బాణం వేళ తప్ప పైదే | తక్కువ |
| మినుకుతున్న పసుపు బాణం | బాగా, మొదట నేర్చుకోవాలి | మధ్యస్థం, రెండు లేన్ల వరకు | మీటతో ముడిపెడితే మంచిది | తక్కువ, వేళను బట్టి మారుతుంది |
| పచ్చ బాణం మాత్రమే | పూర్తిగా | ఎక్కువ వేగం, ఎన్ని లేన్లైనా | చాలా మంచిది | ఎక్కువ |
| మలుపు తీసేయడం | మొదటిసారి తికమక | అన్నీ | రూపకల్పనను బట్టి | రోడ్డు పొడవును బట్టి |

ఎవరికి ఏది

లైసెన్సు కొత్తగా వచ్చినవారు కొన్ని నెలలపాటు పచ్చ బాణం ఉన్న కూడలి మీదుగానే వెళ్లేలా దారి ఎంచుకోవాలి. రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా సరే. మ్యాపు వేగమైన దారి చూపిస్తుందే తప్ప అక్కడ ఏ దీపం ఉందో, ఎదురుగా ఎన్ని లేన్లున్నాయో చెప్పదు. మినుకుతున్న పసుపు బాణం ముందు వెనుకవాడు హారన్ కొట్టినా కదలనక్కరలేదు. దారి ఇవ్వాల్సిన బాధ్యత మీది, నిర్ణయమూ మీదే.

రోజూ అదే దారిలో ఆఫీసుకు వెళ్లేవారికి మినుకుతున్న బాణం ఉన్న కూడలి సుఖం. వయసు మళ్లినవారు, రాత్రి చూపు తగ్గినవారు చీకటి పడ్డాక మూడు కుడి మలుపులనే నమ్ముకోవడం మేలు. నడిచేవారు ఎక్కువగా ఉన్న బజారు వీధుల్లో, కార్లకు పచ్చ పడే ముందే పాదచారులకు మూడు నుంచి ఏడు సెకన్లు ముందుగా నడక దీపం ఇచ్చే అమరికను తప్పక అడగండి. ఏ పద్ధతికైనా దాన్ని జోడించవచ్చు.

నగరాన్ని అడిగే స్థానికులు ‘ఇక్కడ ప్రమాదకరంగా ఉంది’ అని రాస్తే ఆ ఉత్తరం ముందుకు కదలదు. ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు తిరిగే మలుపు, ఏ వేళ, ఎదురుగా ఎన్ని లేన్లు, బోర్డు మీద వేగ పరిమితి ఎంత, ఎదురు ఎడమ వరుస చూపును అడ్డుకుంటోందా అన్నవి రాయాలి. వీలైతే ఒక గంట నిలబడి లెక్కపెట్టండి. ఎడమకు తిరిగిన కార్ల సంఖ్యను ఎదురుగా వచ్చిన కార్ల సంఖ్యతో గుణించండి. ఎదురు లేన్ ఒక్కటే అయితే ఆ గుణింతం 50,000 దాటితే బాణం దశ గురించి ఆలోచించాలన్నది ఇంజినీర్లలో వాడుకలో ఉన్న మోటు లెక్క. గంటకు 120 కార్లు తిరిగి, 500 ఎదురొస్తే 60,000. ఆ అంకె ఉత్తరంలో ఉంటే జవాబు కూడా అంకెలతో ఇవ్వాల్సి వస్తుంది.

ఐదు దీపాల పెట్టె ఉన్నచోట మినుకుతున్న బాణాన్ని అడగండి. తీగలు, కొత్త పెట్టె, కొన్నిసార్లు స్తంభం మార్పు అవసరమై బడ్జెట్ కోసం ఆగాల్సి రావచ్చు. మినుకుతున్న బాణం ఇప్పటికే ఉంటే, స్కూలు వేళల్లో పచ్చ బాణం మాత్రమే ఇవ్వమని అడగండి. ఖర్చు తక్కువ కనుక వాళ్లు కాదనడానికి కారణాలూ తక్కువే. పచ్చ బాణం మాత్రమే ఉన్న కూడలిని ‘ట్రాఫిక్ వేగం కోసం’ మినుకుతున్న బాణంగా మారుస్తామని నగరమే ప్రతిపాదిస్తే, ఎదురు వేగం, లేన్లు, గత ప్రమాదాల వివరాలు చూపించమని ఆ సమావేశంలోనే అడగండి. అవి చూపించేదాకా ఒప్పుకోకండి.